ఎనిమిదో మనిషి వంతు

బాల్‌నారిగ్, పెర్త్‌షైర్
24 ఏప్రిల్ 1978

ఎఫీకి,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కాయితం తీశాను, మళ్ళీ సొరుగులో పెట్టేశాను, కుక్కకు ఎముక వేసి వచ్చాను, మళ్ళీ తీశాను. రాసేందుకు పెద్ద విశేషాలు లేవు. ఉన్న ఒక్క విశేషం రాయదగ్గది కాదు. కానీ నువ్వు మీ అన్నయ్యను చూసుకోవడానికి ఆర్క్‌నీ వెళ్ళి ఏడు నెలలైంది, ఇన్నాళ్ళలో నేను పంపింది ఒక్క క్రిస్మస్ కార్డు. అందులో నా సంతకం తప్ప ఏమీ లేదని ఎడ్విన్ నవ్వాడని రాశావు. పక్షవాతంతో మంచం పట్టిన మనిషిని నవ్వించాను కదా, కార్డు దండగ కాలేదు.

ఇక్కడ వాన. గొర్రెలు ఈనే కాలం. ఎవరింటికి వెళ్ళినా పొయ్యి పక్కన అట్టపెట్టెలో ఓ గొర్రెపిల్ల ఉంటుంది, మనకు మాత్రం కూర్చోడానికి కుర్చీ ఉండదు. మొన్న రోబీ ఇంటికి వెళితే వాడు ఫిడేలుకు తీగ బిగిస్తున్నాడు, వాడి ఒళ్ళో పిల్ల పడుకుని ఆ తీగ కొస నములుతోంది. "గొర్రెపేగుతో చేసిన తీగ, వాటీ, దాని తాతదే అయ్యుంటుంది" అన్నాడు. ఆ తీగతోనే పెళ్ళికి వాయించాడు. శ్రుతి కూడా ఆ గొర్రె కుటుంబానిదే.

సరే, పెళ్ళి సంగతికి వస్తాను. రాకుండా ఎంతసేపు తిరుగుతానో చూద్దామనుకున్నాను గానీ కాయితం ఒక పక్క అయిపోతోంది.

టామస్ డ్యూవర్ మనవడి పెళ్ళి, పదిహేనో తారీఖున, మన ఊరి హాల్లో. నీ పియానో మీద గుడ్డ కప్పే ఉంది, దాని ముందు ఎవరినీ కూర్చోబెట్టలేదు. మేం ముగ్గురమే: నేను అకార్డియన్, రోబీ ఫిడేలు, నాన్ పర్డీ డ్రమ్ములు. భోజనాలయ్యాక 'ఎనిమిదిమంది రీల్' ఆట అడిగారు. ఆ ఆట ఏమిటి? ఎనిమిదిమంది చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడతారు. ఒక్కొక్కరు తమ వంతు వచ్చినప్పుడు మధ్యలోకి వెళ్ళి ఆడతారు, మిగతా ఏడుగురు చుట్టూ తిరుగుతారు. ముందు నలుగురు ఆడవాళ్ళు, తరవాత నలుగురు మగవాళ్ళు. ఎనిమిది వంతులూ అయ్యాక బ్యాండు మొదటి పాటలోకి తిరిగి ముగిస్తుంది. ఇది నీకు నేను చెప్పడమేమిటిలే, కోపంలో రాసేస్తున్నాను.

మేం ఏడు వంతులకే ముగించాం.

హాల్లో ఆరు గుంపులున్నాయి. ఆరుగురు మగవాళ్ళకు వంతు పోయింది. అయిదుగురు కుర్రాళ్ళు నవ్వేసి బీరు దగ్గరికి పోయారు. ఆరోవాడు టామస్ డ్యూవర్. ఎనభై రెండేళ్ళు, కిందటి శరత్కాలంలో తుంటి ఎముక మార్పించుకున్నాడు. చలికాలమంతా వంటింట్లో కుర్చీ చేయి పట్టుకుని అడుగులు వేశాడట. "మీ నాయనమ్మతో ఆఖరిసారి ఆడింది ఈ ఆటేరా. నీ పెళ్ళిలో ఇంకొక్కసారి ఆడి మానేస్తా" అని మనవడికి మాటిచ్చాడు. ఆయన చేతులు పైకెత్తి మధ్యలోకి వెళ్ళి నిలబడ్డాడు, ఎఫీ. అప్పుడు పాట మారింది. చుట్టూ ఉన్నవాళ్ళు చేతులు కలిపి ముగింపు తిరుగుడు మొదలుపెట్టారు. ఆయన ఎత్తిన చేతులు దించకుండా అలాగే చూశాడు. పెళ్ళికూతురు ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి లాక్కుంది.

నాన్ లెక్క తప్పింది. అందరూ నా వైపు చూస్తే ఆ మాటే అన్నాను. నువ్వుంటే ఇలా జరిగేది కాదు. ఎడ్విన్‌ను అడిగానని చెప్పు.

వాటీ


స్ట్రామ్‌నెస్, ఆర్క్‌నీ
3 మే 1978

వాటీకి,

నీ ఉత్తరం ఎడ్విన్‌కు రెండుసార్లు చదివి వినిపించాను. అట్టపెట్టె మాట దగ్గర నవ్వాడు. డ్యూవర్ దగ్గర నవ్వలేదు, కిటికీ వైపు తిరిగాడు. ఎడమచెయ్యి ఇప్పుడు చెంచా పట్టుకుంటోంది. గాలి సంగతి చెప్పను. బట్టలు ఆరేస్తే పక్క దీవిలో దొరుకుతున్నాయి.

ఒక్క మాట అడుగుతాను. బడిలో ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత నిజం చెప్పించిన దాన్ని, అలవాటు పోలేదు. మన బ్యాండులో మొదటి పాటలోకి ముందు తిరిగేది అకార్డియన్. రోబీ నీ వెనక వస్తాడు, డ్రమ్ము ఇద్దరి వెనకా వస్తుంది. మరి నాన్ లెక్క తప్పితే నువ్వెందుకు తిరిగావు?

ఇంకోటి. కొత్త సంవత్సరం ఆటలో ఎనిమిదికి బదులు తొమ్మిది వంతులు వాయించారని అక్కడి నా పక్కింటి జానెట్ రాసింది. అప్పుడు అందరూ తాగి ఉండి, ఎక్కువ వచ్చినందుకు సంతోషపడ్డారట. అది కూడా నాన్ లెక్కేనా?

నాన్‌తో ఏమన్నావో, ఎంతమంది వినేలా అన్నావో రాయి.

ఎఫీ


బాల్‌నారిగ్
14 మే 1978

ఎఫీకి,

నీ ఉత్తరం నాకు ఎవరు తెచ్చిచ్చారో ఆలోచించావా? ఈ లోయలో ఉత్తరాలు పంచేది నాన్ పర్డీయే కదా. ఇదివరకు బండి దిగి, టీ తాగి, ఉత్తరం ఎవరి దగ్గర్నించో, లోపల ఏముంటుందో కూడా తనే చెప్పి వెళ్ళేది. ఇప్పుడు చచ్చిన ఎలుకను తోక పట్టుకుని ఎత్తినట్టు రెండు వేళ్ళతో పట్టుకుని, గుమ్మం మీద పెట్టి పోతోంది.

అడిగావు గనక చెబుతున్నాను. "డ్రమ్ము తప్పింది" అన్నాను. మైకు ఆన్‌లో ఉంది. ఇక ఎంతమంది విన్నారో నువ్వే లెక్కవేసుకో.

అప్పట్నించి ఊరు నాన్‌ను వదలడం లేదు. దుకాణం దగ్గర కసాయి డేవీ, "నాన్, మా వీధిలో ఎనిమిదో ఇంటికి ఉత్తరాలిస్తావా, ఏడుతోనే సరిపెట్టేస్తావా?" అన్నాడు. మొదట్లో అది కూడా బాగానే తిప్పికొట్టింది: "నీకు ఉత్తరం రాసేవాళ్ళెవరు డేవీ, నీ తూకం చూసినవాళ్ళు ఫిర్యాదులే రాస్తారు." ఇప్పుడు మాట్లాడ్డం లేదు. మొన్న సోమవారం హాలు కొట్టుగదిలో ఉన్న డ్రమ్ములన్నీ పోస్టు బండిలో వేసుకుని పోయింది. కోళ్ళ గూట్లో పెట్టి, పైన దుప్పటి కప్పిందట. "ఇక నావల్ల కాదు" అని రోబీతో చెప్పింది. జూన్ పదిహేడున హాలు పైకప్పు చందా కోసం కేలీ, అదే ఆటపాటల రాత్రి, ఉంది. డ్రమ్ము లేకుండా ఆట నడవదు. ముప్ఫై ఒక్క ఏళ్ళ బ్యాండు కోళ్ళ గూట్లో ఆగిపోయేట్టుంది.

నువ్వు అడిగిన దానికి జవాబు రాయడం లేదని గమనిస్తావని తెలుసు.

మా నాన్న గుర్తున్నాడా? నువ్వు వచ్చిన ఏడాదికే పోయాడు, సరిగ్గా చూసి ఉండవు. నాలాగే రోడ్డు పనివాడు. ఈ లోయలో వంతెన నుంచి పైదాకా రోడ్డంతా ఆయన చేతుల మీదుగా పడిందే. రాయి ఎక్కడ ఏ రంగులో ఉంటుందో చెప్పేవాడు. నాకు పద్నాలుగో ఏట పార చేతికిచ్చి బడి మాన్పించింది కూడా ఆయనే. తరవాత నేను చదువుకున్నదంతా రోడ్డు పనివాళ్ళ గుడిసెలో గోడకు అంటించిన పాత పేపర్ల నుంచే. అందుకే నాకు చరిత్ర అంతా మధ్యలో మొదలై మధ్యలో ఆగిపోతుంది. సరే. డెబ్బయ్యో ఏట మా నాన్న ఆ రోడ్డు మీదే నిలబడి, పాలబండివాణ్ణి ఆపి, ఇంటికి దారెటని అడిగాడు. తను వేసిన రోడ్డు మీదే, ఎఫీ.

నాకు వచ్చే నవంబరుకు డెబ్బయి నిండుతాయి. కొత్త సంవత్సరం ఆటలో తొమ్మిది. పెళ్ళిలో ఏడు. పోయినవారం నీళ్ళు పోయకుండా కెటిల్ పొయ్యి మీద పెట్టాను. నాన్ మీద ఎందుకన్నానంటే, ఆ క్షణంలో ఎవరో ఒకరి మీద అనకపోతే అది నా మీదికి వచ్చేది. వస్తే ఏమిటో నాకు తెలుసు.

ఈ పేరా కొట్టేద్దామనుకున్నాను. సిరా పోసిన పాపానికి ఉంచేస్తున్నాను. ఎడ్విన్‌కు చదవకు.

వాటీ


స్ట్రామ్‌నెస్
22 మే 1978

వాటీకి,

చదవలేదు.

ఇప్పుడు చెప్పేది నువ్వు కూర్చుని చదువు. నిలబడి ఉంటే కూర్చో.

వాటీ, నువ్వు లెక్క మర్చిపోలేదు. నువ్వు ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు.

కళ్ళు మూసుకుని వాయిస్తావు. అందుకే అంత బాగుంటుంది. పాట మొదలైందంటే నువ్వు ఏ కొండ మీద ఉంటావో నీకే తెలియదు. నలభై ఆరో సంవత్సరం శరత్కాలంలో, నేను చేరిన మూడో ఆటకే తెలిసిపోయింది. ఆ రోజు పది వంతులు వాయించావు. ఆడేవాళ్ళు రొప్పుతూ మన వైపు చూస్తున్నారు, నువ్వు నవ్వుతూ పదకొండోది మొదలుపెట్టావు. అప్పుడు నేను ఎడమచేత్తో కింది స్వరాలను మెట్లు దిగినట్టు ఒక్కొక్కటే దింపాను. నీ వేళ్ళు వాటంతట అవే మొదటి పాటలోకి తిరిగాయి. కళ్ళు కూడా తెరవలేదు.

ఆనాటి నుంచి అదే చేశాను. పియానోకు దగ్గరున్న గుంపులో నాలుగో మగాడి మొహం గుర్తుపెట్టుకునేదాన్ని. ఎర్ర టై, పెద్ద చెవులు, ఏదో ఒకటి. వాడు మధ్యలోకి రాగానే మెట్లు దిగేదాన్ని. నీకు వినిపించేది. వినిపిస్తోందని నీకు తెలియదు, అంతే.

ఇప్పుడు పియానో లేదు. మెట్లూ లేవు. ఒకసారి తొమ్మిది, ఒకసారి ఏడు. మీ నాన్న సంగతి ఇది కాదు. కెటిల్ నేను కూడా రెండు మాడ్చాను.

ఎఫీ


బాల్‌నారిగ్
27 మే 1978

మిస్ ఎఫీ లింక్‌లేటర్ గారికి,

మీ ఉత్తరం అందినది. మీరు ఇంతకాలము చేసిన సహాయమునకు కృతజ్ఞుడను. ఇక్కడ అందరమూ క్షేమము.

ఇట్లు,
వాల్టర్ గెడ్డెస్


స్ట్రామ్‌నెస్
2 జూన్ 1978

శ్రీ వాల్టర్ గెడ్డెస్ గారికి,

తమరి ఉత్తరం ఎడ్విన్‌కు చదివాను. ఎవరు చనిపోయారని అడిగాడు.

తిట్టు వాటీ, తిట్టవలసిందే. కానీ మొదటి కారణం వదిలేసి రెండో దానికి తిట్టు. మొదటిది నీకు సాయం చెయ్యడం, దానికి నేను సిగ్గుపడను. రెండోది, వచ్చేసే ముందు నీకు చెప్పకపోవడం. చెప్పి ఉండాల్సింది. పెట్టెలు సర్దుకుంటూ పదిసార్లు అనుకున్నాను. నువ్వు బాధపడతావని చెప్పలేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది సగమే. మిగతా సగం ఏమిటంటే, యాభైమంది గెంతుతున్న హాల్లో ఆట ఎప్పుడు ఆగాలో నా ఎడమచేతికి మాత్రమే తెలుసు. ఇంట్లో ఎవరూ లేని, వేసవి సెలవుల్లో మాట్లాడే మనిషి లేని టీచరమ్మకు అది చిన్న విషయం కాదు. ఆ రహస్యం నాతో తెచ్చేసుకున్నాను. దాని ఫలితం నాన్ మోస్తోంది, డ్యూవర్ మోశాడు. కాబట్టి ఆ పెళ్ళి తప్పులో నాకూ వాటా ఉంది. కావాలంటే నీ మైకులో ఆ మాట కూడా చెప్పు.

నువ్వు రెండిటిని కలిపేసుకున్నావు. భయమొకటి, అబద్ధమొకటి. భయానికి కారణం లేదని చెప్పాను. నమ్మకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళు. అబద్ధం సంగతి నేను ఇక్కడ్నించి ఏమీ చెయ్యలేను, మధ్యలో సముద్రముంది.

ఈ ఉత్తరం కూడా నాన్ చేతుల మీదుగానే వస్తుంది. కవరు నేను సరిగ్గా అంటించలేదు. కావాలనే.

ఎఫీ


బాల్‌నారిగ్
19 జూన్ 1978

ఎఫీకి,

నాన్ కవరు విప్పలేదు. నేను అడిగాను. "నేను పోస్టుమనిషిని, నువ్వనుకునే రకం కాదు" అంది. అలా నీ కుట్ర ఒకటి పాడైంది.

నీ మెట్ల ఉత్తరం చదివాక నాలుగు రోజులు అకార్డియన్ పెట్టె తెరవలేదు. ఎలా ఉంటుందో చెప్పనా? ఆట ముగియబోయే ముందు నా లోపల ఏదో దిగుతున్నట్టుండేది. ప్రతిసారీ. అది నాకు పుట్టుకతో వచ్చిన విద్య అనుకునేవాణ్ణి. రోబీతో గొప్పలు కూడా చెప్పాను: "నేను లెక్కపెట్టనురా, నాకు తెలుస్తుంది" అని. నిజమే చెప్పాను, ఎవరు తెలియజేస్తున్నారో తప్ప. కోపం వచ్చింది. అయిదో రోజు నవ్వొచ్చింది. పదకొండో వంతు మొదలుపెట్టానా నిజంగా?

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ప్రధానమంత్రి ఎవరని అడిగాడు. చెప్పాను, ఆయన మీద నా అభిప్రాయం కూడా చెప్పాను. చాలు చాలు, వెళ్ళమన్నాడు.

తరవాత నాన్ ఇంటికి వెళ్ళాను. పెరట్లో కోళ్ళకు గింజలు వేస్తోంది. గూట్లోంచి పెద్ద డ్రమ్ము కనబడుతోంది, దాని మీద ఓ కోడి పొదుగుతోంది.

"నాన్," అన్నాను, "పెళ్ళిలో తప్పు నాది."

"తెలుసు," అంది. గింజలు వెయ్యడం ఆపలేదు.

"తెలుసా? మరి ఎవరితోనూ ఎందుకనలేదు?"

"నేనంటే ఏముంది? తప్పించుకోడానికి ముసలి వాటీ మీదికి తోస్తోందంటారు. నువ్వంటావేమోనని చూశాను. ఎనిమిది వారాలు చూశాను, వాటీ. ఎనిమిది లెక్కపెట్టడం నాకు బాగానే వచ్చు."

నీ మెట్ల సంగతి కూడా చెప్పాను. విని, గింజల గిన్నె కింద పెట్టి, కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది. "అయితే బ్యాండు మాస్టరు ఎఫీ అన్నమాట. నువ్వు ఆవిడ అకార్డియన్‌వి."

"వస్తావా మరి పదిహేడుకి?"

"మైకులో నా పేరు పాడుచేశావు. మైకులోనే బాగుచెయ్యి. నా పెరట్లో చెప్తే కోళ్ళే వింటాయి."

డ్యూవర్ ఇంటికి కూడా వెళ్ళాను. టీ ఇచ్చి, ఓట్ రొట్టె మీద జున్ను పెట్టిచ్చాడు. నేను చెప్పిందంతా విన్నాడు. "పోనీలేవయ్యా," అన్నాడు. "మధ్యలోకి వెళ్ళాక తరవాత ఏం చెయ్యాలో మర్చిపోయాను. చేతులెత్తాను గానీ కాలు ఎటు వెయ్యాలో తెలియలేదు. పాట మారింది, బతికాననుకున్నాను." నా కోసం అన్నాడో, నిజమో తెలియలేదు. నేను అలా చూస్తూ ఉంటే, "జున్ను తిను" అన్నాడు.

పదిహేడున హాలు నిండింది. ఎనిమిదిమంది రీల్‌కు ముందు మైకు దగ్గరికి వెళ్ళాను. ముప్ఫై ఒక్క ఏళ్ళలో మైకులో తడబడకుండా ఎన్నో కబుర్లు చెప్పాను, ఈ రెండు ముక్కలు మాత్రం కాయితం మీద రాసుకుని వెళ్ళాను. "డ్యూవర్ మనవడి పెళ్ళిలో వంతు తప్పింది నేను. నాన్ తప్పలేదు. తప్పు తనదని నేను చెప్పింది అబద్ధం" అన్నాను. వెనక నుంచి కసాయి డేవీ అరిచాడు: "అయితే నీకు ఎన్నిదాకా వచ్చు వాటీ?" హాలంతా నవ్వింది. నాన్ డ్రమ్ముల వెనక నుంచి, "నీ కాటా కంటే ఒకటి ఎక్కువే వచ్చు డేవీ, కూర్చో" అంది. అది నా పక్షాన మాట్లాడిందని అర్థం కావడానికి నాకు కొంచెంసేపు పట్టింది.

అంతకుముందే మేం ముగ్గురం ఓ ఏర్పాటు చేసుకున్నాం. కళ్ళు తెరుచుకుని వాయించి చూశాను, రిహార్సల్లో. స్వరాలన్నీ దెబ్బతిన్నాయి, రోబీ ఫిడేలు దించేసి, "మూసుకో, దయచేసి మూసుకో" అన్నాడు. మూసుకున్నాను. చూడ్డం, ఆఖరి వంతులో నాకు సైగ ఇవ్వడం నాన్ పని.

డ్యూవర్ ఆడలేదు. ఎంతమంది పిలిచినా తల అడ్డంగా ఊపాడు. తలుపు పక్క బల్ల మీద టీ కప్పు పట్టుకుని కూర్చున్నాడు. మనవడి భార్య పక్కన కూర్చుంది. ఆయన పోగొట్టుకున్న వంతు తిరిగి ఇచ్చే దారి నాకు లేదు, ఎఫీ. అది నేను మోసుకోవాల్సిందే.

హాల్లో ఏడు గుంపులు నిలబడ్డాయి. మొదటి పాట అందుకున్నాం. ఆడవాళ్ళ వంతులయ్యాయి, మగవాళ్ళవి మొదలయ్యాయి. మధ్యలో ఎక్కడో నేనెప్పటిలాగే వెళ్ళిపోయాను.

నాన్ పుల్లతో డ్రమ్ము అంచు మీద రెండుసార్లు కొట్టింది. నేను మొదటి పాటలోకి తిరిగాను.

వాటీ